చారాణ నొప్పికి బారాణ సూది

కుంటు బయటపడకుండా నడవాలని చూసే పిల్లవాడు నాకు గేటు దగ్గరే తెలిసిపోతాడు. ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తాడు, రెండు కాళ్లనూ కొలిచినట్టు సమానంగా పెడతాడు. నొప్పి లేనివాడు అలా నడవడు.

పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో ఒక హైస్కూల్‌కు పీఈటీని, అంటే వ్యాయామ ఉపాధ్యాయుణ్ని నేను. పొద్దున అయిదింటికి మా గ్రౌండ్‌కు పాతిక ముప్పై మంది వస్తారు. బడి పిల్లలు కాదు, ఇంటరో డిగ్రీయో అయిపోయి కానిస్టేబుల్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు. కొందరు ఏడో తరగతిలో నా దగ్గర కబడ్డీ నేర్చుకున్నవాళ్లే. వాళ్లకు నేను కోచ్‌ను కాను. గ్రౌండ్ తాళం నా దగ్గర ఉంటుంది కాబట్టి వెళ్తాను, వెళ్లాక చూడకుండా ఉండలేను. ఒక రోజు అలా నడుస్తూ వచ్చిన ఒక పిల్లవాణ్ని పిలిచి, స్టేజీ మెట్ల మీద కూర్చోబెట్టి, ప్యాంటు పైకి మడవమన్నాను.

"ఏమైందిరా?"

"ఏం గాలే సార్. నరం పట్టింది. నిన్న సూదేయించుకున్న, జర్ర తక్కువైంది."

"ఎన్ని సూదులు?"

"మూడు దినాల సంది. రోజొకటి."

మూడు రోజులూ పరుగు ఆపావా అని అడిగితే, ఆపితే ఈవెంట్స్ ఎట్ల సార్ అన్నాడు. ఈవెంట్స్ అంటే పోలీసు ఉద్యోగానికి పెట్టే పరుగు, దూకుడు, గుండు విసిరే పరీక్షలు. సూది వేయించుకున్నదే పరుగు ఆపకుండా ఉండటానికి. ఈ వ్యాసం ఆ మాట గురించే. మా దిక్కు కాలు నొప్పి పుడితే రెండే దారులు కనిపిస్తాయి: సూది వేయించుకుని నొప్పిని నోరు మూయించి పరుగెత్తడం, లేదంటే మంచమెక్కి పరుగే మానుకోవడం. ఈ రెంటికీ మధ్యలో ఒక దారి ఉంది. దాన్ని చూపించేవాళ్లు లేక ఎంతమంది పిల్లలు ఉద్యోగానికి దూరమయ్యారో నా కళ్లతో చూశాను. అందులో ఒకడిని నేనే.

ముందు మాటల సంగతి. 'నరం' అనే ఒక్క మాట కింద మనం నాలుగు వేర్వేరు వాటిని నడిపిస్తాం. మెదడు నుంచి కబురు మోసేది నరమే. రక్తం పారేదీ నరమే. సెలైన్ ఎక్కించేటప్పుడు నరం దొరుకుతలేదంటారు కదా. కండను ఎముకకు కట్టి ఉంచే తాడూ నరమే, ఎముకను ఎముకకు కట్టే పట్టీ కూడా నరమే. ఇక ఆ నరానికి అయ్యేవి చూడండి: పట్టింది, ఇరికింది, నరం మీద నరమెక్కింది. ఎముకకైతే బొక్క జరిగింది. ఈ మాటలన్నిటిలో ఏదో తన చోటు తప్పిందన్న ఊహ ఉంది. చోటు తప్పినదాన్ని ఎవరైనా చెయ్యి వేసి తిరిగి చోటుకు తేవాలి కదా. అందుకే లాగేవాళ్లను వెతుక్కుంటూ పోతాం. నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లను పిలిచి తన్నించుకుంటాం. నాకు పదిహేనేళ్లప్పుడు మా చిన్నాయన అట్లాగే తన్నించాడు. నాలుగో రోజుకు నడుం కుదుటపడింది. బరువెత్తినప్పుడు పట్టేసిన నడుములు చాలావరకు కొన్ని రోజుల్లోనో కొన్ని వారాల్లోనో వాటంతట అవే కుదుటపడతాయని, ఆ తన్ను లేకున్నా అది పోయేదేనని నాకు వ్యాయామ విద్యలో డిగ్రీ, బీపీఈడీ చదివేటప్పుడు గానీ తెలియలేదు.

వ్యాయామంతో వచ్చే చిన్న నొప్పుల్లో చాలావరకు ఏదీ చోటు తప్పి ఉండదు. అలవాటు లేనంత పని ఒక్కసారిగా మీద పడటంతో కండో, తాడో, ఎముకో అలిసి ఉంటుంది. చెయ్యి వేసి సరిచేసేది అందులో ఏమీ లేదు. మోయగలిగినంత మోయిస్తూ, మెల్లగా బరువు పెంచుకుంటూ రావడమే దాని వైద్యం.

ఇది నాకు అందరికంటే ముందు చెప్పింది మా అమ్మ. కోయిల్‌సాగర్ కాలువ కింద మాకు ఎకరంన్నర. నాట్ల కాలంలో అమ్మ మా పొలంతో పాటు పదిమంది పొలాల్లో నాట్లకు పోయేది. మొదటి రోజు సాయంత్రం మామూలుగానే ఇంటికి వచ్చేది. రెండో రోజు పొద్దున లేవాలంటే గోడ పట్టుకునేది. మూడో రోజు తొడల వెనక కండలు ఎంత బిగుసుకుపోయేవంటే పొయ్యి ముందు కూర్చోవడానికి పీట వేసుకునేది. అయినా మడిలోకి దిగేది. అయిదో రోజుకు ఆ నొప్పి సగానికి సగం పోయేది. యాసంగిలో మళ్లీ అదే మొదలు. పనికి కొత్తగా వచ్చిన కోడలెవరైనా మూడో రోజు ఏడిస్తే, అమ్మ చెప్పే మాట ఒక్కటే: "ఇయ్యాల్ల రెండు మడులు తక్కువెయ్యి, కానీ రాకుంట ఉండకు. నాలుగొద్దులైతే నడుం దానంతట అదే ఇంటది."

క్రీడావైద్యం చెప్పేదీ అచ్చంగా ఇదే. అలవాటు లేని పని చేసిన పన్నెండు గంటల తర్వాత కండ నొప్పి మొదలై, 24 నుంచి 72 గంటల మధ్య బాగా ముదిరి, వారంలోపు పోతుంది. కండ సాగుతూ బరువు మోసినప్పుడు, అంటే గుట్ట దిగేటప్పుడు, బైఠక్‌లో కిందికి కూర్చునేటప్పుడు, ఇది ఎక్కువ. కండ పోగుల్లో కంటికి కనిపించనంత చిన్న చిరుగులు పడి, శరీరం వాటిని బాగుచేసుకుంటున్నప్పుడు పుట్టే నొప్పి అది. ఒకసారి ఆ దెబ్బ తిన్న కండ, తర్వాత కొన్ని వారాల పాటు అదే పనికి అంత నొప్పి పడదు. మా గ్రౌండ్‌లో సీనియర్లు దీన్ని లాక్టిక్ యాసిడ్ అంటారు. అది తప్పు. పరుగులో పుట్టిన లాక్టేట్ గంటా గంటన్నరలో రక్తం నుంచి తొలగిపోతుంది. రెండు రోజుల తర్వాత వచ్చే నొప్పికి దానితో సంబంధం లేదు. అలాగే పరుగు తర్వాత కండలు సాగదీస్తే రేపు నొప్పి ఉండదన్న నమ్మకం. 2011లో కోక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి, సాగదీయడం వల్ల ఆ నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా ఉండదని తేల్చింది. సాగదీస్తే హాయిగా ఉంటుందనుకుంటే సాగదీయండి, దాన్ని మందు అనుకోకండి.

పిల్లలకు నొప్పి కొలత నేర్పడానికి నేను అమ్మ కాలం నాటి అణాల లెక్కే వాడతాను: చారాణ అంటే పావలా, ఆఠాణ అర్ధరూపాయి, బారాణ ముప్పావలా. ఫిజియోథెరపిస్టులు పదికి ఎన్ని అని అడుగుతారు. మా పిల్లలకు ఆ ప్రశ్న వేస్తే ఏడో ఎనిమిదో అని తోచింది చెబుతారు. చారాణనా, ఆఠాణనా, బారాణనా అంటే మాత్రం ఆగి, ఆలోచించి, నిజం చెబుతారు. చారాణ కోడికి బారాణ మసాల అన్న సామెత వినని పిల్లవాడు మా దిక్కు లేడు. చారాణ నొప్పి అంటే పరుగులో తెలుస్తుంది గానీ నడక మారదు, తెల్లారేసరికి ఉండదు. దానితో పరుగెత్తవచ్చు. ఆఠాణ అంటే రేపు పొద్దున కూడా మిగిలి ఉంటుంది. దూరం సగానికి తగ్గించాలి. బారాణ అంటే అడుగే మారిపోతుంది, కుంటు వస్తుంది. ఆపాలి. కండకూ, మోకాలి చిప్ప కింద తాడుకూ, మడమ వెనక తాడుకూ ఈ లెక్క పనికొస్తుంది. తాడు నొప్పులకు అసలు మందే మెల్లమెల్లగా బరువు మోయించడం. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమను నిదానంగా కిందికి దించే వ్యాయామాన్ని 1998లో స్వీడన్‌లో ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం పన్నెండు వారాల పాటు, రోజుకు రెండు పూటలు చేయించింది. శస్త్రచికిత్స కోసం ఎదురుచూస్తున్న రన్నర్లు మళ్లీ పరుగులోకి వచ్చారు. మెట్టు ఒక్కటి ఉంటే చాలు. మా స్టేజీకి ఆరు మెట్లున్నాయి.

ఎముక దగ్గర మాత్రం ఈ లెక్క పారదు. అక్కడ చారాణ నొప్పి కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందే. ఆ పిల్లవాణ్ని అడిగిన మొదటి ప్రశ్న అందుకే: బొక్క నొస్తున్నదా, కండ నొస్తున్నదా?

మోకాలి కింద ముందుండే పెద్ద ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుతూ రావాలి. పిల్లలు షిన్ పెయిన్ అనేది అక్కడే. జానెడు పొడుగునా, కనీసం అయిదు సెంటీమీటర్లకు మించి అంతటా నొస్తే, పరుగు మొదట్లో ఎక్కువుండి ఒళ్లు వేడెక్కాక తగ్గితే, అది ఎముక అంచున ఒత్తిడి వల్ల పుట్టిన నొప్పి. దూరం తగ్గించి, మెత్తటి నేల మీదికి మారితే దారికొస్తుంది. అలాకాక ఒక్కచోట, వేలి కొన పట్టేంత చోట ప్రాణం పోయేలా నొస్తే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, ఒంటికాలి మీద గెంతలేకపోతే, ఎముకలో సన్నని పగులు ఉందేమోనని అనుమానించాలి. నా వేలు మూడో వంతు దాకా దిగేసరికి ఆ పిల్లవాడు కాలు లాక్కున్నాడు. ఇంకోసారి, వాడి కళ్లు మూయించి నొక్కాను. అదే చోటు.

ఎముక చచ్చిన రాయి అనుకుంటాం. అది ఎప్పుడూ పనిలో ఉంటుంది. కొత్త బరువు పడితే ముందు పాత ఎముకను తవ్వి తీసేసి, తర్వాత కొత్తది గట్టిగా కడుతుంది. తవ్వడానికి మూడు వారాలు పడితే, కట్టి గట్టిపడటానికి దాదాపు మూడు నెలలు. అంటే కొత్తగా పరుగు మొదలుపెట్టిన మూడు నాలుగు వారాలకు ఎముక ముందున్నంత బలంగా కూడా ఉండదు. ఆ సమయానికి ఊపిరి మాత్రం కుదిరి ఉంటుంది, కాళ్లలో హుషారు వచ్చి ఉంటుంది, ఇంకో రెండు రౌండ్లు కొట్టాలనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే పిల్లలు దూరం రెట్టింపు చేస్తారు. 1855లోనే బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు కవాతు చేసే సైనికుల పాదాల్లో ఇలాంటి వాపు, నొప్పి గురించి రాశాడు. ఎక్స్‌రే అప్పటికి పుట్టలేదు. ఎక్స్‌రే వచ్చాక కూడా మొదటి రెండు మూడు వారాల్లో ఈ పగులు అందులో చాలాసార్లు కనబడదు. మా ఊళ్లల్లో జరిగే నష్టం ఇక్కడే: ఫొటో తీస్తే ఏమీ లేదన్నారు, ఇక పరుగెత్తవచ్చు అనుకుంటారు.

నేనూ అలాగే అనుకున్నాను. తెలంగాణ రాకముందు మాట. అప్పుడు పోలీసు సెలక్షన్‌లో 5 కిలోమీటర్ల పరుగు ఉండేది. మా ఊరి నుంచి మెయిన్ రోడ్డు దాకా డాంబర్ మీద, కాన్వాస్ బూట్లతో, పోనూ రానూ ఎనిమిది కిలోమీటర్లు. మొదటి రోజు నుంచే ఎనిమిది. నాలుగో వారంలో ఎడమ కాలు మొదలైంది. మా ఊరి ఆర్‌ఎంపీ సూది వేశాడు. నిజంగానే తగ్గింది. తగ్గింది కాబట్టి పది కిలోమీటర్లు చేశాను. సెలక్షన్ రోజు మూడో కిలోమీటరు దాటాక కాలు లోపల ఏదో విరిగినట్టు తెలిసింది. పక్కకు పడి కూర్చున్నాను. ఆరు వారాలు పట్టీ. మంచంలో ఉన్నన్నాళ్లూ నాకు ధైర్యం చాలలేదని అనుకున్నాను. పదేళ్లు అలాగే అనుకున్నాను. ధైర్యానికీ దానికీ సంబంధం లేదని, ఎముకకు ఇవ్వాల్సిన గడువు ఇవ్వలేదని, దానికి నోరుండి చెప్పిన మాటను సూదితో నొక్కేశానని ఆలస్యంగా అర్థమైంది.

తర్వాత మారిన పరీక్ష లెక్క చూడండి. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, నాలుగు మీటర్లు దూకాలి, 7.26 కిలోల గుండు ఆరు మీటర్లు విసరాలి. ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, రెండున్నర మీటర్ల దూకుడు, నాలుగు కిలోల గుండు నాలుగు మీటర్లు. 1600 మీటర్లంటే నాలుగు రౌండ్లు, ఒక్కో రౌండుకు 108 సెకన్లకు పైనే సమయం. ఆరోగ్యంగా ఉన్న ఇరవై ఏళ్ల పిల్లవాడు నాలుగు నెలలు నిదానంగా సాధన చేస్తే అందుకోగలిగిన వేగం ఇది. నోటిఫికేషన్ పడేదాకా కదలకుండా కూర్చుని, పడ్డాక నాలుగు నెలల సాధనను నాలుగు వారాల్లో కుక్కడంతోనే కాళ్లు పోతున్నాయి. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియకుండా ఏళ్లు ఎదురుచూసే పిల్లల్ని నేను తప్పుపట్టలేను. కానీ శరీరానికి గెజిట్ చదవడం రాదు.

చీలమండ బెణుకుకు వస్తే, కబడ్డీ కోర్టులో నెలకు ఒకటైనా చూస్తాను. వెంటనే ఎవరో పసుపు, సున్నం కలిపి పట్టు వేస్తారు. సున్నం వేడికి చర్మం కాలి, బొబ్బలెక్కిన పాదాలు నేను మూడు చూశాను. ఇంకొకరు నూనె రాసి గట్టిగా లాగుతారు. వాచిన కాలిని మొదటి రెండు మూడు రోజులు రుద్దకూడదు, లాగకూడదు, కాపడం పెట్టకూడదు, వాపు పెరుగుతుంది. లోపల ఎముక విరిగి ఉంటే ఆ లాగుడుతో చోటు కూడా తప్పుతుంది. లాగించుకోవడానికి ముందు రెండు పనులు చేయండి. దెబ్బ తగిలిన కాలి మీద, కుంటుతూ అయినా సరే, నాలుగు అడుగులు వేయగలరేమో చూడండి. చీలమండకు రెండు వైపులా ఉబ్బెత్తుగా ఉండే గిలక ఎముకలు రెంటికీ వెనక అంచున, కింది ఆరు సెంటీమీటర్ల మేర నొక్కండి. పాదం బయటి అంచు మధ్యలో పొడుచుకొచ్చినట్టుండే ఎముకనూ, లోపలి వైపు గిలకకు కాస్త ముందున్న ఎముకనూ నొక్కండి. నాలుగడుగులు పడకపోయినా, ఆ ఎముక మీదే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. రెండూ లేకపోతే విరిగి ఉండటం చాలా అరుదు. కెనడాలో అట్టావా నగరపు వైద్యులు 1992లో ప్రకటించిన పద్ధతి ఇది. డాక్టర్ లేని ఊరికి ఇంతకంటే పనికొచ్చే పరీక్ష నాకు తెలియదు. మా పదో తరగతి పిల్లలందరికీ నేర్పాను.

విరగలేదని తెలిశాక క్రేప్ బ్యాండేజ్ చుట్టి, కాలు ఎత్తుగా పెట్టుకోవాలి. ఐస్ సంగతి కొంచెం చెప్పాలి. విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తడం అనే నాలుగింటి ఇంగ్లీషు మొదటి అక్షరాలూ కలిపి 1978లో రైస్ అని పేరు పెట్టింది గేబ్ మిర్కిన్ అనే అమెరికా వైద్యుడు. 2014లో ఆయనే, ఐసూ పూర్తి విశ్రాంతీ మానడాన్ని ఆలస్యం చేయవచ్చని రాశాడు. తన మాట తనే దిద్దుకున్న ఆ వైద్యుడి మీద నాకు గౌరవం. నొప్పి ఓర్చుకోలేకపోతే గుడ్డలో చుట్టిన ఐస్ పది నిమిషాలు పెట్టుకోండి, నొప్పి తగ్గుతుంది. దానితో మానుతుందని మాత్రం అనుకోకండి. రెండు మూడు రోజులయ్యాక పాదాన్ని గాలిలో తిప్పడం, తర్వాత కాస్త కాస్త బరువు వేయడం, వారం దాటాక పళ్లు తోముకుంటూ ఆ కాలి మీద ఒంటికాలితో నిలబడటం. ఈ ఆఖరిది ఎవరూ చేయరు. ఒకసారి బెణికిన కాలు మళ్లీ మళ్లీ బెణకకుండా కాపాడేది ఎక్కువగా ఈ ఒంటికాలి సాధనే.

ఇక సూది. అందులో సాధారణంగా ఉండేది డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు. కొందరు దానికి స్టెరాయిడ్ కూడా కలుపుతారు. సరైన చోట, సరైన మనిషికి డాక్టర్ ఇస్తే అది మంచి మందే, నాకు మందుతో పగ లేదు. ఏప్రిల్ ఎండలో నీళ్లు చాలక ఒళ్లు ఎండిపోయిన పిల్లవాడికి, రోజూ, పరుగు ముందు ఇస్తే మాత్రం మూత్రపిండాలకు రక్తం తగ్గుతుంది. నొప్పి మాత్రలు అదేపనిగా మింగితే కడుపులో, పేగుల్లో పుండ్లు పడవచ్చు. ఇది మా ఇంట్లో జరిగింది. మా నాయిన గుంపు మేస్త్రీ వెంట మహారాష్ట్ర, గుజరాత్ డ్యాం పనులకు పోయిన మనిషి. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. తట్ట మోసి మోసి మోకాళ్లు వాచేవి. మేస్త్రీ సాయంత్రం కూలితో పాటు నొప్పి గోలీలు ఇచ్చేవాడు. పద్దెనిమిదేళ్లు అలా మింగాడు. ఒక రాత్రి రక్తం కక్కుకున్నాడు. దవాఖానలో డాక్టర్ గోలీల సంగతి అడిగితే, ఎన్ని మింగాడో లెక్క చెప్పడానికి నాయినకు మాట రాలేదు, తలకాయ అడ్డంగా ఊపాడు. విశ్రాంతి తీసుకో అని నాయినకు ఎవరైనా చెప్పి ఉంటే ఏం లాభం? ఒక్క రోజు మానితే ఆ రోజు కూలి లేదు, అడ్వాన్సు బాకీ తీరదు. ఊరికే విశ్రాంతి అని చెప్పే సలహా మా మనుషులకు ఎప్పుడూ అక్కరకు రాలేదు. అందుకే ఎంత తగ్గించాలి, ఏది చేయవచ్చు, ఎన్నాళ్లు అని లెక్క చెప్పే సలహా కావాలంటున్నాను.

ఒక్క విషయంలో మాత్రం ఏ లెక్కా చూడకండి. కొత్తగా వచ్చిన పిల్లవాడితో మొదటి రోజే రెండు వందలో మూడు వందలో బైఠక్‌లు తీయిస్తుంటారు, గుంజీళ్ల శిక్షలాగా. మరునాడు తొడలు రాయిలా ఉబ్బి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అది ఒళ్లు నొప్పి కాదు. కండ కరిగి రక్తంలో కలుస్తోంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇంట్లో నీళ్లు తాగుతూ చూద్దాం అనుకోకుండా ఆ పూటే పెద్ద దవాఖానకు పోవాలి. నొప్పి సూది అప్పుడు అస్సలు వేయించకూడదు.

ఆడపిల్లల గురించి నాకంటే మా బడిలో పనిచేసే పీఈటీ మేడం ఎక్కువ చెప్పగలరు. ఆమె నేర్పింది ఒకటుంది. కాలి ఎముక నొప్పితో వచ్చిన ప్రతి అమ్మాయినీ ఆమె రెండు ప్రశ్నలు అడుగుతారు: పొద్దున ఏం తిన్నావు, నెలసరి సరిగ్గా వస్తున్నదా. బరువు తగ్గాలని ఒక్కపూట తిని, శనివారం ఒక్కపొద్దు ఉండి, రోజూ పరుగెత్తే అమ్మాయికి నెలసరి ఆగిపోతే, ఆమె ఎముకలు పలచబడుతున్నాయేమోనని అనుమానించాలి. ఆ అమ్మాయికి బూట్లు మార్చి లాభం లేదు. అన్నం పెట్టాలి, డాక్టర్‌కు చూపించాలి. ఆ రెండు ప్రశ్నలు మగవాడినైన నేను అడగలేను. ఆడపిల్లలు పరుగెత్తే ప్రతి గ్రౌండ్‌లో ఒక ఆడమనిషి ఉండి తీరాలని నేను గట్టిగా అనేది అందుకే.

నా మొదటి ఉద్యోగం నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు. అక్కడ ఏ పిల్లవాడికి కాలు నొచ్చినా ఇంట్లో ఫ్లోరిన్ నీళ్లు అనేవాళ్లు. వాళ్లకు అలా అనే హక్కుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ ఎన్నో రెట్లు ఉన్న బోరునీళ్లు తాగి వంగిపోయిన వెన్నులు ఆ ఊళ్లల్లో గడపగడపకూ ఉండేవి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరే ఉంది. ఆ జబ్బులో నొప్పి పరుగెత్తినా ఎత్తకపోయినా ఉంటుంది, వెన్నూ మెడా బిగుసుకుంటాయి, ఏళ్లకేళ్లు పెరుగుతుంది. నిన్నటి పరుగుకు ఇవాళ మడమ నొస్తే అది వేరు. పొద్దున లేచి మొదటి అడుగు వేసినప్పుడు మడమ కింద సూదిలా గుచ్చి, పది అడుగులకు తగ్గేది పాదం కింది పట్టీ నొప్పి. దానికి నీళ్లను తిట్టుకుంటూ కూర్చున్న ఒక పిల్లవాడు, మెట్టు మీద మడమలు ఎత్తి దించే వ్యాయామం చేసి రెండు మూడు నెలల్లో వాలీబాల్‌కు తిరిగి వచ్చాడు. కాళ్ల నొప్పికి కారణం ముందే తెలుసనుకుంటే ఎవరూ పరీక్షించరు.

పాలమూరులో 2016లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో వచ్చాయి. ఈవెంట్స్ కాలంలో వారానికి రెండు పొద్దులు ఒక ఫిజియోథెరపిస్టును జిల్లా స్టేడియానికి పంపితే చాలు. మంచం అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు, బొటనవేలు, పట్టీ, ఒక రిజిస్టరు చాలు. కోచింగ్ సెంటర్లు వేలకు వేలు ఫీజు తీసుకుంటున్నాయి, వాళ్లూ ఆలోచించాలి. నోటిఫికేషన్‌లో కొలతలు ప్రకటించేటప్పుడే, నెలలవారీగా ఎంత దూరంతో మొదలుపెట్టి ఎలా పెంచాలో ఒక పేజీ తెలుగులో అచ్చువేసి ఇవ్వవచ్చు. ఇందులో ఏదీ కోట్లు ఖర్చయ్యే పని కాదు.

ఆ పిల్లవాణ్ని మహబూబ్‌నగర్‌లో బొక్కల డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఎక్స్‌రేలో ఏమీ లేదు. నేను నొక్కిన చోటు చెప్పాను. డాక్టర్ తనూ నొక్కి చూసి, ఎమ్మారై రాశారు. సన్నని పగులు కనబడింది. ఆరు వారాలు పరుగు లేదన్నారు. బస్సులో వాడు కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. నేనేమీ అనలేదు. వాడి వయసులో నాకు ఎవరూ ఆరు వారాలు అని ముందుగా చెప్పలేదన్న మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది.

నడక నొప్పి లేకుండా అయ్యాక డాక్టర్‌ను అడిగి సైకిల్ మొదలుపెట్టించాను. పొద్దున గ్రౌండ్‌కు వచ్చి మిగతావాళ్లు పరుగెత్తుతుంటే గుండు విసిరేవాడు, కూర్చుని. మొదట్లో నాలుగు మీటర్లు దాటని గుండు అయిదున్నర దాకా వచ్చింది. పాలు, రెండు గుడ్లు, పల్లిపట్టీ నేను అడగకుండానే వాళ్లమ్మ కట్టించి పంపేది. ఒకరోజు ఆమే వచ్చి, "సార్, పోరడు సూది పేరెత్తుతలేడు" అంది.

మొన్న సోమవారం ఏడో వారం. మెట్టు మీద కూర్చోబెట్టి, కళ్లు మూయించి, అదే చోట నొక్కాను. ఎంత అన్నాను. కొంచెం సేపు ఆలోచించి, "ఏం లేదు సార్. గీడ చెయ్యి పెట్టినట్టు తెలుస్తున్నది, గంతే" అన్నాడు. రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు, అలా ఆరుసార్లు, మట్టి మీదే, అని చెప్పాను. ఒక్క నిమిషమేనా సార్ అన్నాడు. ఒక్క నిమిషమే అన్నాను. చేతికున్న గడియారం నాకు ఇచ్చి, లేస్ బిగించుకుని, గోల్‌పోస్ట్ వైపు నడక మొదలుపెట్టాడు.